పుట్టింటి ముక్క

మొన్న మా కోడలు మంచం మీదికి కొత్త దుప్పటి కొనుక్కొచ్చింది. ఎరుపూ పసుపూ నీలమూ ఆరు పలకల ముక్కలు, తేనెపట్టులాగా ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్నాయి. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా పోయి చేత్తో తడిమాను. ఒక్క కుట్టూ వేలికి తగల్లేదు. బొంతలాగా కనపడేటట్టు మిల్లులో అచ్చేసిన దుప్పటి అది. "ఎట్లుంది అత్తమ్మా?" అంది కోడలు. "బాగుందిలే గానీ, దీంట్లో ఎవరూ లేరే" అన్నాను. ముసలామెకు మతి తప్పుతోందనుకుందో ఏమో, టీ పెట్టే పని గుర్తొచ్చి లోపలికి పోయింది.

ఆ పిల్లననడానికేముంది. బొంతలో మనుషులుంటారని నాకు మాత్రం పుట్టుకతో తెలుసా? బొంతలక్క చెబితేనే తెలిసింది.

ఆమెకు రెండు పేర్లుండేవి. పుట్టింట్లో పెట్టింది ఒకటి, బాప్తిస్మమప్పుడు పెట్టింది ఒకటి. మొదటి పేరుతో పిలిచేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. రెండో పేరు పాస్టరుగారికి తప్ప ఎవరికీ నోరు తిరిగేది కాదు. కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆమె బొంతలక్క. మనవలున్న వాళ్ళూ అక్కే, ఆ మనవలకూ అక్కే.

నేను ఆ ఊరికి కాపురానికి వెళ్ళింది యాభైల చివర్లో. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే, ఉప్పు మళ్ళకూ సరుగుడు తోపులకూ మధ్య ఇరుక్కున్న ఊరు. మా ఆయన మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో అయ్యవారు. నేను నెల్లూరు టౌన్లో పెరిగినదాన్ని, సినిమాహాళ్ళూ కొట్లూ చూసినదాన్ని. గాలికి నోట్లో ఇసక పడే ఊళ్ళో బండి దిగేసరికే నా ముఖం మాడిపోయి ఉంది. చర్చి వెనక వీధిలోని ఆడవాళ్ళందరూ కొత్త పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చారు. అందరూ నా ముఖం చూస్తుంటే ఒక సన్నటి మనిషి మాత్రం వంగి నా చీరకొంగు చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో రుద్దింది, వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఎవురు నేసిందోగానీ బో మెత్తగుండాది. అమ్మణ్ణీ, ఇది చిరిగినప్పుడు నాకియ్యి. మర్చిపోబాక" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళిచీర మడతలు కూడా నలగలేదు. అది ఎప్పుడు చిరుగుతుందా అని అప్పుడే కాచుకొని ఉన్న మనిషిని నేనెక్కడా చూడలేదు. లోపలికి పోయాక మా ఆయన మీద విరుచుకు పడ్డాను. ఆయన నవ్వి, "ఆమె అడిగిందంటే నువ్వీ ఊరిదానివై పోయినట్టే. అడక్కపోతేనే బాధపడాల" అన్నాడు. నాకేం ఓదార్పు కలగలేదు. వారం పాటు ఆమె ఎదురొస్తే ముఖం తిప్పుకున్నాను. ఆమె అది గమనించిందని కూడా నేననుకోను. ఆమె చూపు ఎప్పుడూ నా చీర మీదే ఉండేది.

చర్చిలో కూడా అంతే. ఆఖరి వరసలో కూచునేది, ముందు కూచున్న వాళ్ళందరి వీపులూ కనపడాలని. పాస్టరుగారు ప్రార్థన చేద్దాం అనగానే అందరూ కళ్ళు మూసుకుంటే, ఆమె కళ్ళు అప్పుడే బాగా తెరుచుకునేవి. ఎవరి రవిక భుజం దగ్గర పిగులుతోంది, ఎవరి లంగా ఇంక ఒక ఉతుకే తట్టుకుంటుంది, ఆ కాసేపట్లో లెక్క చూసుకునేది. పాస్టరుగారు ఒకసారి పట్టుకున్నాడు. "ప్రార్థనలో కళ్ళు మూసుకోవాలమ్మా" అన్నాడు. "నేను తెరిచింది మీకెట్టా కనపడిందయ్యా?" అంది ఆమె. ఆ ఆదివారం తర్వాత ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పని చేసేటప్పుడు చూడాలి ఆమెను. ఇంటి ముందు తిన్నె మీద చాప పరుచుకొని, కాళ్ళు చాపుకొని కూచునేది. రొంటిన ఒక చిన్న సంచి, అందులో ఆరు పలకల తగరపు ముక్క. నెల్లూరు మిషన్ ఆస్పత్రిలో ఆయాగా ఉన్న రోజుల్లో ఒక దొరసానమ్మ ఈ పని నేర్పి, తన దేశానికి వెళ్ళిపోతూ ఆ తగరపు ముక్క ఇచ్చి పోయిందట. దాన్ని పాత పేపరు మీద పెట్టి గీసి, కత్తిరించి, ఆ కాగితం మీద గుడ్డముక్క వేసి, అంచులు లోపలికి మడిచి టాకాలు వేసేది. అట్లా చేసిన ముక్కల్ని అంచుకు అంచు కలిపి సన్నటి కుట్లతో అతికేది. అతకడం అయిపోయాక లోపలి కాగితాలు ఒక్కొక్కటే లాగి పారేసేది. ఆ పైన దాని కింద మెత్తటి పాత చీరలు రెండు మూడు వరసలు వేసి కుట్టేది. దొరసానమ్మ ఈ నమూనాలకు ఏవో పేర్లు చెప్పిందట గానీ ఆమె వాటిని ఏనాడో మరిచిపోయింది. ఆరు పలకలది తేనెపట్టు. చదరపు ముక్కలది ఉప్పుమడి. మూడు మూలల ముక్కలు కలిపితే గాలిపటం.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. ఎవరిదో తెలియని గుడ్డ ముట్టేది కాదు. సంతలో దర్జీ ఒకడు, కత్తిరింపుల ముక్కలు గోతంనిండా ఉన్నాయి, ఊరికే తీసుకుపొమ్మని బతిమాలాడు. అన్నీ కొత్త గుడ్డలే. "ఊరూ పేరూ లేని గుడ్డ నాకెందుకు నాయనా, రేపు దాన్నేమని పిలవాల?" అని వచ్చేసింది. అవును, ఆమె వాటిని పిలిచేది. "కొంచెం ఇట్టా జరుగు సుబ్బమ్మా" అనేది, ఎర్రచుక్కల ముక్కతో. నేను మొదట్లో ఎవరో వచ్చారనుకొని వెనక్కి తిరిగి చూసేదాన్ని.

అంతటితో ఆగితే బాగుండు. ఎవరి పక్కన ఎవర్ని కూచోబెట్టాలో ఆమెకు ఒక పెద్ద పంచాయితీ. బాయి దగ్గర జుట్లు పట్టుకున్న వాళ్ళ ముక్కలు బొంతలో పక్కపక్కన పడటానికి వీల్లేదు. మధ్యలో నిమ్మళస్తురాలి ముక్క ఒకటి వేసేది. ఒకసారి ఎవరి కాన్పుకో బొంత సగం పైగా అయింది. ఇంతలో ఆ జుట్లు పట్టుకున్న వాళ్ళు సర్దుకున్నారని తెలిసి, కుట్టిందంతా విప్పి ఇద్దర్నీ పక్కపక్కన అతికింది. కాన్పయి బిడ్డ బోర్లా పడేదాకా బొంత రాలేదు. ఆ ఇంటావిడ వచ్చి నానా మాటలూ అని పోయింది. "వాళ్ళు మాట్లాడుకుంటా ఉంటే నేనెట్టా విడదీసి పెట్టేది?" అని నా దగ్గర వాపోయింది బొంతలక్క. నా పాత రవిక ముక్కను మా ఆడబిడ్డ ముక్క పక్కన వేసిందని నేనూ ఒకసారి పోట్లాడాను. "ఏసేసినా గదా, అట్నే సర్దుకో" అంది. ఇప్పటికీ సర్దుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

ఊళ్ళో, పక్కనున్న పాలెంలో ఆమె బొంత లేని ఇల్లు లేదు. పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టేది దాని మీదే. బదులుగా వడ్లో, ఎండుచేపలో, ఏదో ఒకటి వచ్చేది. ఇంతమందికి కావలసిన మనిషి ఇంట్లో పొద్దుగూకాక మాట వినపడేది కాదు. నాకు అన్నిటికంటే కష్టంగా తోచింది క్రిస్మస్ రోజు. అందరూ ఆమెను భోజనానికి పిలిచేవాళ్ళు. అందరూ పిలిచేవాళ్ళు కాబట్టి ఎవరో ఒకరింట్లో తినే ఉంటుందిలే అని ఎవరికి వాళ్ళు అనుకునేవాళ్ళు. ఆమె ఎవరింటికీ పోయేది కాదు. మొదటి ఏడాది నాకు తెలియలేదు. మరుసటి ఏడాది మధ్యాహ్నం పోయి చూస్తే, కొత్త చీర కట్టుకొని, చద్దన్నంలో మజ్జిగ పోసుకొని తింటోంది. "ఇంతమంది పిలిస్తే ఎవురింటికని పోయేది, ఒకరింటికి పోతే ఇంకొకరికి కోపం గదా" అంది. ఎవరికీ కోపం రాదని ఆమెకూ తెలుసు.

ఆమె ఇంట్లో దండెం మీద ఒక బొంత ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. అది ఆమెది. ఊళ్ళో ప్రతి ఇంటి ముక్కా అందులో ఉంది. నా పెళ్ళిచీరది కూడా ఉంది, అది చిరగకముందే నేనే కుచ్చిళ్ళ దగ్గర కత్తిరించి ఇచ్చాను, అంతగా కలిసిపోయాం అప్పటికి. కానీ ఆ బొంతకు నడుమ ఒక పువ్వంత ఖాళీ. చుట్టూ వరసలు వరసలుగా పెరుగుతూ పోయింది, నడిమధ్య మాత్రం బొక్క. దాంట్లోంచి వెనకాల గోడ కనపడేది. "ఇదేంటక్కా, ఎవరైనా నడుమ నుంచి మొదలుపెడతారు గానీ" అన్నాను.

"అది పుట్టింటిది. అది రావాల" అంది.

"రాకపోతే మా ఇంట్లో ఏదో ఒకటి ఇస్తాలే, పూర్తి చెయ్యి" అన్నాను. ఆమె నన్ను ఎప్పుడూ కసురుకోలేదు, ఆ రోజు కసురుకుంది. "పుట్టింటిదంటే నీకు ఆట్లాడుకునేట్టుందా?" అంది.

పుట్టిల్లు బుచ్చిరెడ్డిపాలెం అవతల. వరి పండించే ఇల్లు, గొడ్లూ గోదా ఉన్న ఇల్లు. చిన్న వయసులోనే భర్త పోతే అన్న దగ్గరికి వచ్చింది. ఏదో జబ్బు చేసి మిషన్ ఆస్పత్రిలో పడి, నయమయ్యాక అక్కడే పనికి కుదిరి, బాప్తిస్మం తీసుకుంది. అంతే, అన్న గడప మూసేశాడు. ఎవరైనా అడిగితే, "మాకు చెల్లెల్లేదు" అనేవాడట. ఆ మాటే ఆమెను తినేసింది. "చచ్చిందనుకున్నా చెంబెడు నీళ్ళు తలమీద పోసుకొనుందురు అమ్మణ్ణీ. అది గూడా లా. లేనే లేదన్నారు" అంది ఒకసారి, సూదిలో దారం ఎక్కిస్తూ. ఇంతకు మించి ఆమె తన కథ చెప్పలేదు. నేనూ అడగలేదు.

కానీ ప్రయత్నం మానలేదు. ఆ వైపు నుంచి ఉప్పుకోసం బండ్లు వచ్చేవి. వాటిలో పెంచలయ్య బండి ఒకటి. పెంచలయ్యది ఆమె పుట్టిన ఊరే. వచ్చినప్పుడల్లా బండి ఆమె ఇంటిముందు ఆపి, ఎద్దులకు నీళ్ళు పెట్టి, తాను మజ్జిగ తాగి పోయేవాడు. పోయేటప్పుడు ఆమె ఒకే మాట చెప్పేది. "మా అన్నింట్లో గుడ్డముక్క ఒకటి అడుగు నాయనా. కొత్తది వద్దు. మా వదినె మసిగుడ్డైనా సరే." మళ్ళీ వచ్చినప్పుడు పెంచలయ్య బండి దిగకముందే ఆమె అతని చేతుల వైపు చూసేది. పాపం, అతను ఏవేవో చెప్పేవాడు. ఇంట్లో ఎవురూ లేరక్కా, మీ అన్న పొలానికి పోయుండె, మీ వదినెకు జరం. ఒకసారి మాత్రం నిజం నోరు జారింది. "ఎవురికని అడిగినాడక్కా మీ అన్న. నీ పేరు చెప్తే, అట్టాంటి మనిషి మాకు లేదుపో అన్నాడు." ఆమె లోపలికి పోయి మజ్జిగ తెచ్చిచ్చింది. మళ్ళీ పోయేటప్పుడు అదే కబురు.

అట్లా ఏళ్ళు గడిచాయి. అరవైల్లో, ఒక కార్తీకంలో ముసురు పట్టినప్పుడు, మా వీధిలో ఉండే ముసలి బైబిలమ్మ పోయింది. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే పెద్ద మనిషి. బొంతలక్క ఆమెకు కుట్టిచ్చిన తేనెపట్టు బొంత అంటే ఆమెకు ప్రాణం. దాన్ని కప్పే తీసుకుపొమ్మని చెప్పి పోయింది. సరే, పెట్టె మీద ఆ బొంత కప్పి, పాటలు పాడుకుంటూ సమాధుల దొడ్డికి తీసుకుపోయారు. రోడ్డు మీద ఉప్పుబండ్లు వరసగా ఆగి దారిచ్చాయి. మేమెవరమూ బండ్ల వైపు చూడలేదు. వానలో తడుస్తూ ఎవరి ఏడుపు వాళ్ళం ఏడుస్తున్నాం.

ఆ తర్వాత కొద్ది రోజులకు, వాన వెలిసిన మధ్యాహ్నం, నేనూ బొంతలక్కా తిన్నె మీద కూచొని కాగితాలు కత్తిరిస్తున్నాం. ఒక పెద్దాయన వీధిలోకి వచ్చాడు. మోకాళ్ళదాకా బురద, భుజాన తువ్వాలు, చంకలో ఒక మూట. కళ్ళు వాచి ఉన్నాయి. దూరం నుంచే నన్ను అడిగాడు. "అమ్మా, మిషన్ ఆస్పత్రిలో పనిచేసినామె ఇల్లు యాడ? ఎప్పుడు ఎత్తినారు?"

"ఎవర్ని?" అన్నాను.

ఆయన నా పక్కన చూశాడు. బొంతలక్క చేతిలో కత్తెర అట్లాగే ఆగిపోయింది.

"అన్నా" అంది.

ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. "పోయినావని చెప్పినారే" అన్నాడు.

"ఎవురు?"

"పెంచలయ్య. నీ శవాన్ని కళ్ళారా చూసినానన్నాడు. నీ బొంత కప్పినారంట."

అప్పుడు మా ఇద్దరికీ అర్థమైంది. ఆమె అన్నను చూసింది, చంకలో మూట చూసింది. ఆడది పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. అది వాళ్ళు పెట్టే ఆఖరి చీర. ఎంత పోట్లాడుకున్న వాళ్ళయినా దానికి మాత్రం వస్తారు.

"చీర తెచ్చినావా అన్నా?" అంది.

ఆయన మూటను వెనక్కి దాచుకున్నాడు, దొంగతనం బయటపడినట్టు. "ఇది నీకియ్యకూడదు. బతికున్న మనిషికి పెట్టేది కాదిది" అన్నాడు.

"ఇంటికి తీసకపోతావా?"

"ఇంటికెట్టా తీసకపోయేది? చావింటికని గడప దాటించిన గుడ్డ."

"మరేం చేస్తావు?"

"కాలవలో ఏసిపోతా."

ఆమె తిన్నె దిగింది. ఆయన దగ్గరికి పోయి చెయ్యి చాపింది. "కాలవకిచ్చేది నాకియ్యి అన్నా. కాలవ నీకేమైతుంది?" అంది.

ఆయన అడుగు ముందుకు వేశాడు. చేతికి మాత్రం ఇవ్వలేదు. మూటను తిన్నె అంచున పెట్టి దూరం జరిగాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ముందు లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన చెంబు వైపు చూశాడు. బస్సుకు టైమైతా ఉందన్నాడు. ఎండనపడి వచ్చిన ముసలాయన నోరు ఎండిపోయి ఉంది, పెదవులు నాలుకతో తడుపుకుంటున్నాడు. అయినా తాగలేదు. నాకు ఆ నీళ్ళు ఆయన నెత్తిన కుమ్మరించాలనిపించింది.

"వదినె బాగుండాదా?" అంది ఆమె.

"ఆఁ. ఆమె పెట్టెలోదే ఇది, కట్టకుండా దాచుకున్నది. తీసిచ్చి ఏడ్చింది."

"ఎవురికోసం?"

"నీకోసమే" అన్నాడు ఆయన, అదేం ప్రశ్న అన్నట్టు. తర్వాత ఇంటి లోపలికి తొంగి చూశాడు. "ఒక్కదానివే ఉండావా?"

"ఒక్కదాన్నే అన్నా."

ఆయన తలాడించి వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె చెంబు పట్టుకొని నిలబడింది. ఆ తర్వాతే మూట విప్పింది. చిలకపచ్చ నేతచీర, ఎర్రంచు. ముఖానికి ఆనించుకొని వాసన చూసింది. వట్టివేళ్ళ వాసన వేస్తోంది.

మర్నాడు పొద్దున్నే దానికి కత్తెర పెట్టింది. వీధంతా వద్దంది. చావుచీర కత్తిరించి ఇంట్లో వేలాడదీసుకుంటే కీడు అన్నారు. విశ్వాసులకు కీడేమిటి అని పాస్టరుగారు అన్నాడు గానీ, ఆయన కూడా ఆ చీర వైపు ఓరగా చూస్తూ అన్నాడు. ఆమె ఎవరి మాటా వినలేదు. తగరపు ముక్క పెట్టి గీసింది, మడిచింది, టాకాలు వేసింది. నడుమ ఖాళీలో చిలకపచ్చ పువ్వు అతికింది. ఊరందరి నడుమ పుట్టిల్లు కూచుంది. నేను చప్పట్లు కొట్టాను, ఇంతకాలానికి పూర్తయిందని.

ఆమె సంతోషపడుతుందనుకున్నాను. పడలేదు. చాప పరుచుకుంది గానీ సూది తీయలేదు. రోజూ తిన్నె మీద కూచొని రోడ్డు వైపు చూసేది. ఎవరి చీరా తడమలేదు, ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకుంది. నాకు భయం వేసింది. ఏమైందక్కా అంటే, "గుడ్డొస్తే చాలనుకున్నా అమ్మణ్ణీ. గుడ్డొచ్చింది. మా అన్న గడప లోపలికి రాలా, నా చేతి నీళ్ళు తాగలా. మళ్ళీ నేను లేనిదాన్నే గదా" అంది. ఆమె చెప్పింది నిజం. ఆమె పక్కన కూచోవడం తప్ప నాకు చేతనయింది ఏమీ లేదు. ఊళ్ళో అంత ఒంటరి మనిషి ఇంకొకరు లేరని నాకు ఆ రోజుల్లోనే తెలిసింది.

ఎండలు మొదలయ్యాక మళ్ళీ ఉప్పుబండ్లు వచ్చాయి. పెంచలయ్య వీధి మొదట్లో బండి ఆపి, తువ్వాలు నడుముకు చుట్టుకొని, చచ్చినామె ఇంటికి దణ్ణం పెట్టుకుందామని వచ్చాడు. తిన్నె మీద ఆమెను చూశాడు. అంతే, వెనక్కి తిరిగి పరుగెత్తి మా వాకిట్లో పడ్డాడు. మా ఆయన ముఖాన నీళ్ళు చల్లి, నడిపించుకుంటూ తీసుకుపోయి ఆమె ముందు కూచోబెట్టాడు.

"నన్నేం చెయ్యబాక తల్లీ" అన్నాడు పెంచలయ్య.

"మజ్జిగిస్తాను, తాగు" అంది ఆమె. చాలా రోజులకు ఆమె ముఖంలో నవ్వు చూశాను. "శవం ముఖం చూడకుండా నేనే పోయినానని ఎట్టా చెప్పినావు నాయనా? ఎవుర్నన్నా ఒక మాట అడక్కూడదా?"

"అడగాల్సిన పనేముందక్కా, బొంత చూసినా గదా! నీ బొంత నీమీద గాక ఇంకెవురి మీద కప్తారు?" అన్నాడు అతను, తప్పంతా మాదే అన్నట్టు. మజ్జిగ లోపలికి పోయాక మనిషి కుదుటపడ్డాడు. అప్పుడు గుర్తొచ్చి లెంపలేసుకున్నాడు. "అయ్యో, ఎంత పని చేసినానక్కా. మీ అన్నోళ్ళు మైల గూడా పట్టినారే!"

ఆమె చేతిలో చెంబు కింద పెట్టింది. "ఏందీ?"

"మీ అన్న ఈడికొచ్చి పోయినాక నేను వాళ్ళింటికి పోయినా, టయానికి అందినాడో లేదోనని. దేవుడి గదికి తలుపేసినారు. నన్ను తాకబాకన్నారు. అందరూ తలకు పోసుకోనుండారు. మీ వదినె జుట్టు విరబోసుకొని కూచోనుంది, ఏడ్చి ఏడ్చి గొంతు పోయుండాది. ఆడబిడ్డ పోతే మూడు దినాలు పట్టాల గదా, పట్టినారు. మీ అన్న మాత్రం గోడవైపు తిరిగి పడుకోనుండాడు. ఎవురితో మాట్లాళ్ళా."

ఆయన ఇంటికి పోయి, చెల్లెలు బతికే ఉందని ఎవరికీ చెప్పలేదన్నమాట. అందరితో పాటు తనూ తలమీద నీళ్ళు పోసుకున్నాడు. "ఆయనసలు అన్నేనా?" అన్నాను. మా ఆయన కూడా, "కళ్ళతో చూసిపోయి ఇదేం పని?" అన్నాడు. పెంచలయ్యకు సంగతంతా చెప్పాం. అతను దిగ్గున లేచాడు.

"నేను పోయి చెప్తా. బతికున్న మనిషిని చంపిన పాపం నాకొద్దు. రేపే పోయి వాళ్ళ వాకిట్లో నిలబడి, ఊరంతా వినపడేట్టు చెప్తా."

బొంతలక్క మా కోపాలు వినడం లేదు. ఆమె ముఖం నేనెన్నడూ చూడనట్టు ఉంది. "మా వదినె గూడా తలకు పోసుకునిందా?" అంది.

"పోసుకునిందక్కా."

"పిల్లకాయలు?"

"అందరూ."

ఆమె పెంచలయ్య తువ్వాలు కొసను పట్టుకొని కూచోబెట్టింది, చిన్నపిల్లవాణ్ణి కూచోబెట్టినట్టు.

"చెప్పబాక నాయనా" అంది. "వాళ్ళ మనిషి పోతేనే గదా మైల పట్టేది. నేను బతికుండానని నువ్వు చెప్తే, మళ్ళీ వాళ్ళకు చెల్లెలు లేదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు. పెంచలయ్య ఎద్దులకు నీళ్ళు పెట్టి బండి కట్టుకున్నాడు. పోతూ పోతూ అలవాటు కొద్దీ, "మీ అన్నింట్లో ఏమన్నా చెప్పాలక్కా?" అని అడిగి, నాలుక కరుచుకున్నాడు. "ఏమీ లేదు, జాగ్రత్తగా పో" అంది ఆమె. ఆ తర్వాత నేను ఆ ఊళ్ళో ఉన్నంతకాలం ఏ బండివాడి చేతా ఆమె పుట్టింటికి కబురు పంపలేదు.